ఇది ఎవరి చూపు?

(ఒక ఫిల్మ్ సొసైటీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బాబూ, లైట్లు అప్పుడే ఆపవద్దు. సినిమా ముక్కలు చివర చూద్దాం. చీకట్లో నేను మాట్లాడితే సగం మంది నిద్రపోతారు, మిగతా సగం ఫోన్లు చూసుకుంటారు. (నవ్వులు)

ఒక గుమ్మం సంగతితో మొదలుపెడతాను. 1968లో వచ్చిన 'రోజ్‌మేరీస్ బేబీ'. దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ, కెమెరామన్ విలియం ఫ్రేకర్. రోజ్‌మేరీ గర్భవతి అని తెలియగానే పక్క వాటాలో ఉండే పెద్దావిడ మిన్నీ సంబరపడిపోతుంది. తనకు తెలిసిన గొప్ప డాక్టరుకు ఇప్పుడే ఫోను చేస్తానని పడకగదిలోకి వెళుతుంది. కెమెరా బయటే ఉండిపోతుంది. తలుపు తెరిచే ఉంది. ఫ్రేకర్ మొదట ఆవిడ గుమ్మంలోంచి చక్కగా, నిండుగా కనబడేలా ఫ్రేము పెట్టాడు. ఏ కెమెరామన్ అయినా అదే చేస్తాడు. పొలాన్‌స్కీ వచ్చి చూసి, కెమెరాను కొంచెం పక్కకు జరపమన్నాడు. ఇప్పుడు ఆవిడ వీపు కనబడుతోంది. మొహమూ ఫోనూ గుమ్మం చాటుకు పోయాయి. ఇదేమి ఫ్రేము అని ఫ్రేకర్‌కు అర్థం కాలేదు. సినిమా విడుదలయ్యాక థియేటర్లో కూర్చుని చూస్తే, ఆ షాటు వచ్చినప్పుడు హాల్లో తలలన్నీ ఒకేసారి ఒక పక్కకు వంగాయట. గుమ్మం అవతల ఏముందో చూద్దామని!

తెర మీద ఉన్నది వెలుగునీడల బొమ్మ. మెడ ఎంత వంచినా గుమ్మం అవతలిది కనబడదు. ఆ సంగతి బుర్రకు తెలుసు, మెడకు తెలియదు. నేను ఈరోజు మాట్లాడబోయేది ఆ మెడ గురించి.

నేను ఫోకస్ పుల్లర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. కెమెరామన్ పక్కన నిలబడి, టేపుతో దూరం కొలిచి, లెన్స్ తిప్పే పని. ఆ రోజుల్లో ఒక దెయ్యం సినిమాకు కూడా చేశాను. పేరు చెప్పను, చెప్పినా మీరు చూసి ఉండరు. అందులో దెయ్యం మొహాన్ని తెర నిండా పెట్టాం. మేకప్‌కే ఒక పూట పట్టింది. నేను ఒక్కొక్క వెంట్రుకా స్పష్టంగా కనబడేలా ఫోకస్ పట్టుకున్నాను. చాలా గర్వపడ్డాను. మొదటి ఆటకు వెళ్ళాం. ఆ మొహం రాగానే నేల తరగతిలో ఎవరో ఈల వేశారు. తర్వాత హాలంతా నవ్వింది. విఠలాచార్య గారి సినిమాల్లో అస్థిపంజరాలు గంతులేస్తుంటే మనమంతా చప్పట్లు కొట్టిన వాళ్ళమే కదా. ఆయన అది వేడుకగా తీశారు, మనం వేడుకగానే చూశాం. మేము భయపెడదామని తీసి వేడుక చేశాం. తేడా అక్కడుంది.

అప్పటి నుంచి భయం సినిమాలను ఒకే ఒక్క ప్రశ్నతో చూడటం అలవాటైంది. ఈ షాటు ఎవరి చూపు? మామూలు సినిమాలో ఈ ప్రశ్న రాదు. అక్కడ కెమెరా కథ చెప్పే అమ్మమ్మ లాంటిది. అమ్మమ్మ ఎక్కడ నిలబడి ఇదంతా చూసిందని ఏ మనవడూ అడగడు. మంచి హారర్ సినిమాలో మాత్రం కాసేపటికి ఆ అనుమానం మొదలవుతుంది. ఈ అమ్మాయిని చెట్ల వెనక నుంచి చూస్తున్నది ఎవరు? కెమెరా ఎందుకంత పైకి వెళ్ళింది? అమ్మమ్మ గొంతులో ఇంకెవరో మాట్లాడుతున్నారన్న అనుమానం అది.

ఇక 'సైకో'. 1960. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. ఈ పేరెత్తగానే అందరూ, హోటల్లో దిగిన అమ్మాయిని కత్తితో పొడిచి చంపే ఆ స్నానాల గది దగ్గరికి పరిగెత్తుతారు. ఏడు రోజుల చిత్రీకరణ, డెబ్బైకి పైగా కెమెరా అమరికలు, రక్తం బదులు చాక్లెట్ సిరప్, అదంతా మీకు కంఠతా వచ్చు.  నేను మెట్ల దగ్గర ఆగుతాను.

కనబడకుండా పోయిన ఆ అమ్మాయిని వెతుకుతూ డిటెక్టివ్ ఆర్బొగాస్ట్, హోటల్ నడిపే నార్మన్ బేట్స్ పాత ఇంట్లోకి వస్తాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. మెట్లు ఎక్కుతాడు. పైన నార్మన్ బేట్స్ తల్లి ఉందని అతడి నమ్మకం. ఈ షాట్లు తీయాల్సిన రోజు హిచ్‌కాక్‌కు జ్వరం వచ్చింది, సెట్టుకు రాలేదు. ముందే గీసి పెట్టుకున్న బొమ్మల ప్రకారం సహాయకులు తీసేశారు. రెయిలింగు మీద జారుతున్న చెయ్యి క్లోజప్పులో ఒక షాటు. రెయిలింగు సందుల్లోంచి పైకెక్కుతున్న పాదాలు మరో షాటు. ఎవరైనా భలే అంటారు. హిచ్‌కాక్ తిరిగొచ్చి తీసిన ముక్కలు, అంటే రష్, చూసి, ఇవి పనికిరావన్నాడు. కారణం వినండి. మనిషిని చెయ్యిగా, పాదాలుగా ముక్కలు చేసి చూపిస్తే అతడే ఏదో పాడుపనికి బయల్దేరినట్టు ఉంది. హంతకుడు మెట్లెక్కుతుంటే ఆ షాట్లు బాగుండేవి. ఎక్కుతున్నది పాపం ఏమీ ఎరగని మనిషి.

చూశారా, షాటు అందంగా ఉండటం వేరు, షాటు ఎవరి పక్షాన ఉందన్నది వేరు. చివరికి సినిమాలో ఉంచింది ఏమిటంటే, అతడు మెట్లెక్కుతుంటే అతడికి ఎదురుగా వెనక్కి జరిగే కెమెరా. తోడుగా నడుస్తున్న మనిషి లాంటి చూపు. మధ్యలో ఒక చిన్న షాటు పడుతుంది. పై అంతస్తులో ఒక తలుపు మెల్లగా తెరుచుకుంటోంది, తివాచీ మీద వెలుగు చీలిక వెడల్పవుతోంది. అతడికి అది తెలియదు, మనకు తెలుసు. వెంటనే కెమెరా ఎగిరి ఇంటి కప్పు దగ్గరికి వెళ్ళిపోతుంది. నడినెత్తి మీద నుంచి చూస్తున్నాం. వయొలిన్లు కీచుమంటాయి, తల్లి కత్తితో బయటికొస్తుంది.

కెమెరా పైకి ఎందుకు వెళ్ళింది? హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో జరిపిన సంభాషణల్లో రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, తల్లి మొహం కనబడకూడదు. తల్లి ఎప్పుడో చనిపోయింది, ఆ వేషంలో ఉన్నది నార్మనే. వెనక నుంచి తీస్తే, మొహం కావాలని దాస్తున్నారని ప్రేక్షకుడు పసిగడతాడు. నడినెత్తి నుంచి తీస్తే ఎవరి మొహమూ కనబడదు కాబట్టి అనుమానం రాదు. రెండోది, అంత దూరపు షాటు నుంచి ఒక్కసారిగా, కత్తి దిగిన మొహం తెర నిండా పడాలి. దూరపు షాటు వయొలిన్లయితే, ఆ మొహం బాకాలూ బూరలూ. సంగీతకారుడి ఆలోచన అది.

ఆ తర్వాత ఇంకా పెద్ద గారడీ ఉంది. నార్మన్ తల్లిని కిందికి మోసుకుపోయే షాటు. కెమెరా అతడి వెనకే మెట్లెక్కుతుంది, అతడు గదిలోకి వెళ్ళాక గుమ్మం మీదుగా మెల్లగా పైకి పోతుంది. లోపల తల్లీకొడుకులు వాదులాడుకుంటుంటారు. ఆ మాటలు ఎందుకు పెట్టాడంటే, కెమెరా ఏం చేస్తోందో మనం గమనించకుండా ఉండటానికి. చెవికి పని చెప్పి కంటిని మోసం చేశాడు. జేబుదొంగలు బస్సులో చేసేదీ ఇదే. ఒకడు తోస్తాడు, మరొకడు కొట్టేస్తాడు.

ఇదే సినిమాలో ఇంకొక్క చోట చూపు మారిపోతుంది. హత్య జరిగాక నార్మన్ ఆ అమ్మాయి కారును, శవంతో సహా, బురద గుంటలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ ఆగిపోతుంది. ఒక షాటు కారు, ఒక షాటు నార్మన్ మొహం. ఆ క్షణంలో మీరేమనుకున్నారో నిజం చెప్పండి. మునగాలి, మునిగిపోవాలి అని అనుకున్నారు. (నవ్వులు) అంతకు ముందు దాకా ఆ అమ్మాయి తరఫున ఉన్నాం. పది నిమిషాల్లో శవాన్ని దాచేవాడి తరఫుకు వచ్చేశాం. ఎవరూ ఒక్క మాట కూడా చెప్పలేదు. నార్మన్ కళ్ళ వెనక కెమెరాను నిలబెట్టారు, అంతే.

ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు వెనక్కి వెళదాం. 1942. అమెరికాలో ఆర్‌కేఓ స్టూడియో. నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టూర్నర్, కెమెరామన్ నికొలస్ మ్యూసురాకా. 'క్యాట్ పీపుల్' అనే పేరు స్టూడియో పెద్దలే ఇచ్చి, దీనికి తగ్గ సినిమా తీయండన్నారు. లక్షన్నర డాలర్లు కూడా దాటని ఖర్చు. ఆర్సన్ వెల్స్ వేరే సినిమాకు వేయించిన మెట్ల సెట్టును కూడా వాడేసుకున్నారు. డబ్బులేమి వల్ల చీకటి ఎక్కువైందని కొందరంటారు. కొంత నిజమే. అయితే పేదరికం ఉన్న ప్రతివాడికీ ఈ తెలివి రాదు.

కథలో ఐరీనా అనే యువతికి, అసూయ రగిలితే తాను చిరుతగా మారిపోతానని భయం. భర్త ఆఫీసులో పనిచేసే ఆలిస్ మీద ఆమెకు అసూయ. ఒక రాత్రి ఆలిస్ పార్కు పక్క దారిలో ఒంటరిగా నడిచి వెళుతుంటుంది. ఒక పక్క రాతి గోడ. అక్కడక్కడ దీపస్తంభాలు. దీపం కింద ఒక వెలుగు మడుగు, తర్వాత చీకటి, మళ్ళీ వెలుగు. ఆలిస్ ఒక వెలుగులోంచి దాటుతుంది. కాసేపటికి అదే వెలుగులోంచి ఐరీనా దాటుతుంది. ఆలిస్ మడమల చప్పుడు, ఐరీనా మడమల చప్పుడు. షాట్లకు ఒక తాళం కుదిరింది. ఈమె, ఆమె, ఈమె, ఆమె. సంగీతం లేదు, గుర్తుపెట్టుకోండి.

అప్పుడు వెనకాల మడమల చప్పుడు ఆగిపోతుంది. ఆలిస్ ఆగి వెనక్కి చూస్తుంది. దారి ఖాళీ. మళ్ళీ నడుస్తుంది, నడక పరుగవుతుంది. రావాల్సిన ఐరీనా షాటు ఇక రాదు. కచేరీలో మృదంగం ఒక దెబ్బ ఎగ్గొడితే మీ చెయ్యి తొడ మీద ఆగిపోతుంది చూడండి, అలా ఆగిపోతాం. ఇందాకటి దాకా ఆలిస్‌ను చూస్తున్నది మామూలు కెమెరా. ఇప్పుడు అదే దూరం నుంచి, అదే తీరులో చూస్తున్నది ఏమిటి? రెండు కాళ్ళదా, నాలుగు కాళ్ళదా? షాటులో ఏమీ మారలేదు. మన లెక్క మారింది.

అంతలో బుస్సుమంటూ పెద్ద గాండ్రింపు లాంటి చప్పుడు, ఫ్రేములోకి ఏదో దూసుకొస్తుంది. సిటీ బస్సు. బ్రేకు వేసింది. (నవ్వులు) ఇది ఎంత పేరు తెచ్చుకుందంటే, ఉత్తుత్తి బెదిరింపుకు సినిమావాళ్ళ భాషలో 'లూటన్ బస్సు' అనే పేరే స్థిరపడింది. ఇవాళ్టి సినిమాల్లో బస్సు ఒక్కటే మిగిలింది. ఆ ముందు నడక లేదు. పిల్లి దూకుతుంది, అద్దంలో ఎవరో కనబడతారు, స్పీకర్లు పగిలిపోతాయి. అది భయం కాదు, ఉలికిపాటు. ఉలికిపాటు అగ్గిపుల్ల గీసినా వస్తుంది.

అదే సినిమాలో ఈతకొలను సన్నివేశం ఉంది. ఆలిస్ చీకటి కొలనులో దిక్కులు చూస్తూ ఈదుతుంటుంది. నీటి తళుకులు గోడల మీద, కప్పు మీద పాకుతుంటాయి. వాటి మధ్య ఒక నీడ కదులుతుంది. చిరుతే అని ఒట్టేసి చెప్పగలం. టూర్నర్ ఆ నీడను దీపం ముందు తన పిడికిలి అడ్డుపెట్టి పుట్టించానని తర్వాత చెప్పుకున్నాడు. మన తోలుబొమ్మలాట వాళ్ళకు ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. నీడకు కొలతలుండవు. పిడికిలి పులవుతుంది. 1922లో జర్మనీలో ముర్నావ్ 'నాస్ఫెరాతు'లో మెట్లెక్కే నీడను గోడ మీద వేసినప్పటి నుంచీ ఇది ఉంది. ఆ జర్మన్ల దగ్గర నేర్చిన వెలుగు మనకూ వచ్చింది. మ్యూనిక్‌కు చెందిన జోసెఫ్ వెర్షింగ్ అనే జర్మన్ కెమెరామన్ బాంబే టాకీస్‌లో స్థిరపడి, 1949లో 'మహల్' తీశాడు. ఆ భవంతి చీకటికి ఊరు మ్యూనిక్ అనుకోవచ్చు.

'ది హాంటింగ్' గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. 1963, రాబర్ట్ వైజ్. ఇల్లే దెయ్యం. వైజ్‌కు మామూలుకన్నా వెడల్పైన లెన్స్ కావాలి. పానావిజన్ సంస్థ దగ్గర ఒకటి తయారవుతోంది. ఇంకా పూర్తి కాలేదు, అంచుల్లో గీతలు వంకర పోతున్నాయి, వద్దన్నారు. నాకు ఆ వంకరే కావాలన్నాడు వైజ్. లోపం ఉందని తెలిసే తీసుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చారు. ఆ గోడలు, ఆ నడవాలు కొంచెం కొంచెం ఉబ్బినట్టుంటాయి. ఎక్కడ తేడా ఉందో చెప్పలేం, తేడా ఉందని మాత్రం తెలుస్తుంది. జీవితమంతా లెన్స్ తుడిచిన నాకు ఈ కథంటే ఎంత ఇష్టమో!

ఇక 1970ల మధ్యలో గారెట్ బ్రౌన్, ఒంటికి కట్టుకుని నడిచినా కెమెరాకు కుదుపు తెలియనివ్వని పరికరం, స్టెడీక్యామ్‌ను కనిపెట్టాడు. అంతకుముందు కెమెరా కదలాలంటే పట్టాలు వేయాలి, ట్రాలీ తోయాలి. లేదా భుజం మీద పెట్టుకుని నడవాలి. ట్రాలీ అయితే ఊరేగింపు పల్లకీలా దర్జాగా ఉంటుంది. భుజం మీదైతే మోసేవాడి ప్రతి అడుగూ తెలుస్తుంది. స్టెడీక్యామ్‌తో ఒక వింత వచ్చింది. నడక ఉంటుంది, అడుగు ఉండదు. దమయంతి స్వయంవరంలో అయిదుగురు నలుల్లో దేవతలను ఎలా పోల్చుకుంది? వాళ్ళ కళ్ళకు రెప్పపాటు లేదు, పాదాలు నేలకు ఆనలేదు. ఈ కెమెరా కూడా అంతే. మనిషిలా వెంట వస్తుంది, మనిషి కాదని వెన్నుకు తెలుస్తుంది.

కూబ్రిక్ 'ది షైనింగ్', 1980. పిల్లవాడు డానీ మూడు చక్రాల బండి తొక్కుతూ ఖాళీ హోటల్ నడవాల్లో తిరుగుతుంటాడు. కెమెరా నేలకు జానెడు ఎత్తున వెనకే వస్తుంది. చెక్క నేల మీద చక్రాల రొద, తివాచీ మీద నిశ్శబ్దం, మళ్ళీ రొద. వాడు మూల తిరుగుతాడు, మనం ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతాం. ఆ ఒక్క క్షణంలోనే సినిమా ఉంది. మనం తిరిగేలోగా అక్కడ ఏముందో వాడు చూసేసి ఉంటాడు. మరి వాడి వెనక అంత కిందుగా వస్తున్నది ఎవరు? సినిమా చివరిదాకా జవాబు చెప్పదు.

అమ్మా, చెప్పండి. మీరు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు.

(సభలో ఒకరు: రీరికార్డింగ్ తీసేస్తే ఈ షాట్లు నిజంగా భయపెడతాయా సార్? మీరు కెమెరావాళ్ళ పక్షాన మాట్లాడుతున్నారేమో అనిపిస్తోంది.)

(నవ్వులు) పట్టేశారు. స్నానాల గది సన్నివేశానికి సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వినకుండా బాణీ కట్టి వినిపించాడు, హిచ్‌కాక్ దిగివచ్చాడు. ఆ వయొలిన్లు లేకుండా ఆ సన్నివేశాన్ని ఇప్పుడు ఊహించలేం. 1975లో వచ్చిన 'జాస్'లో సొరచేప చూపుతో కెమెరా నీళ్ళలో కదులుతుంది, దానికొక బాణీ ఉంది. సముద్రం మీద ఒక రెక్క కనబడి జనమంతా ఒడ్డుకు పరిగెత్తే సన్నివేశంలో ఆ బాణీ రాదు. చూస్తే ఇద్దరు కుర్రాళ్ళు అట్టముక్క రెక్కతో ఆడుతున్నారు. చెవి అప్పటికే నిజం చెప్పింది, కన్ను వినలేదు. కాబట్టి మీ మాట ఒప్పుకుంటాను. కానీ 'క్యాట్ పీపుల్' నడకలో సంగీతం లేదన్నది కూడా మీరు ఒప్పుకోవాలి.

తెలుగులో అడుగుతున్నారా? 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి'. కెమెరా తేజ, తర్వాత దర్శకుడయ్యాడు. హిందీలో కూడా కలిపి తీశారు. ఆ సినిమాకు కథ పలచనే అంటాను నేను. కానీ కెమెరా కదలికతోనే దెయ్యాన్ని పుట్టించాలన్న పట్టుదల అందులో కనబడుతుంది. రేవతి గారి మొహాన్ని చూడటం ఒక ఎత్తు, ఆమెను చూస్తున్నది ఏమిటని అనుమానించటం ఒక ఎత్తు. ఇంటికెళ్ళి మళ్ళీ చూడండి.

ఇప్పుడు తెర మీద చూడబోయేది 'హాలోవీన్'. 1978, దర్శకుడు జాన్ కార్పెంటర్, కెమెరా డీన్ కండీ. మూడు లక్షల డాలర్ల చిల్లర ఖర్చుతో తీశారు. మొదటి షాటు ఇంటి బయట మొదలవుతుంది. ఎవరి కళ్ళతోనో చూస్తున్నాం. కిటికీలోంచి అక్కను, ఆమె స్నేహితుణ్ణి చూస్తాం. వెనక నుంచి లోపలికి వెళ్ళి, వంటగదిలో కత్తి తీసుకుంటాం. మెట్లెక్కుతాం. ముసుగు తొడుక్కోగానే ఫ్రేము రెండు కంటి రంధ్రాలుగా మారిపోతుంది. నిజానికి అక్కడ ఒక కట్ దాచారు, ఏకంగా ఒకే షాటు అనిపిస్తుంది. హత్య తర్వాత బయటికొస్తాం. తల్లిదండ్రులు ముసుగు లాగుతారు. కెమెరా మొదటిసారి ఎదురుగా చూపిస్తుంది. ఆరేళ్ళ పిల్లవాడు. చేతిలో కత్తి.

అంతే, పెద్దయ్యాక వాడు ముసుగుతో మళ్ళీ వస్తాడు. ఆ తర్వాత గంటన్నర పాటు కెమెరా కొంచెం జారినా సరే, వాడేనా అనిపిస్తుంది. చాలాసార్లు వాడు కాదు. ఒకచోట నాయిక లోరీ వెనకాల చీకటి గుమ్మంలో తెల్లటి ముసుగు మెల్లగా తేలుతుంది. అక్కడ ఎవరూ నడిచి రాలేదు. వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ మీద చిన్న దీపాన్ని మెల్లగా పెంచారు. వాడు మొదటి నుంచీ అక్కడే ఉన్నాడన్నమాట.

నా వృత్తివాళ్ళకు ఒక షాటు ప్రత్యేకంగా చూపిస్తాను. లోరీ వాణ్ణి చంపేశాననుకుని గుమ్మం దగ్గర కూలబడి ఉంటుంది. మొహం ఫోకస్‌లో ఉంది. వెనకాల మసకగా వాడి శవం. ఆ మసకలో వాడు నడుము దగ్గర మడత పడ్డట్టు లేచి కూర్చుంటాడు. తల తిప్పి ఇటు చూస్తాడు. ఏ ఫోకస్ పుల్లర్‌కైనా చెయ్యి దురద పెడుతుంది, వెనక్కి లాగి వాడి మొహం స్పష్టం చేద్దామని. లాగలేదు. లాగి ఉంటే అది దర్శకుడు మనకు చూపించినట్టయ్యేది. లాగలేదు కాబట్టి హాల్లో ప్రతివాడూ నేను మాత్రమే చూశాను, ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు అని సీటు అంచుకు వస్తాడు. నేను తీసిన దెయ్యం మొహం అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

చివర వాడికి వైద్యం చేసిన డాక్టరే వాడిని కాలుస్తాడు. మేడ మీద నుంచి పడతాడు. కిందికి చూస్తే గడ్డి మీద ఎవరూ లేరు. ఆ తర్వాత వరుసగా ఖాళీ చోట్లు. మెట్లు. ముందుగది. బయటి నుంచి ఇళ్ళు. మనిషి లేడు, కదలిక లేదు. ముసుగు వెనక నుంచి వచ్చే ఊపిరి మాత్రం వినబడుతుంది. ఈ చివరి ముక్కే ముందు వేద్దాం, మొదటి షాటు తర్వాత చూద్దాం. ఒక్కో ఖాళీ గది వచ్చినప్పుడు నేను ఇందాక చెప్పిన ప్రశ్న వేసుకోండి.

బాబూ, ఇప్పుడు లైట్లు ఆపేయండి. శబ్దం కొంచెం పెంచండి, ఊపిరి వినబడాలి.